డికెన్స్‌కు బొటనవేలంత బుడతడి జాబు

లండన్‌లో చార్లెస్‌ డికెన్స్‌ ఇల్లు చూడాలంటే డౌటీ స్ట్రీట్‌కి వెళ్లాలి. అక్కడి 48వ నంబరు ఇల్లు 1925 నుంచీ మ్యూజియం. ‘ఆలివర్‌ ట్విస్ట్‌’ రాసింది ఆ ఇంట్లోనే. అక్కణ్నుంచి అరగంటకుపైగా నడిస్తే హ్యాంప్‌స్టెడ్‌ రోడ్డు, మార్నింగ్టన్‌ క్రెసెంట్‌ స్టేషన్‌కు దగ్గర్లో 263వ నంబరు ఇల్లు వస్తాయి. గోడకు చిన్న ఫలకం తప్ప హడావుడేమీ లేదు. గిన్నె చాచి ఇంకాస్త గంజి అడిగే ఆలివర్‌ బొమ్మ గుర్తుందా? దాన్ని గీసిన జార్జ్‌ క్రూక్‌షాంక్‌ తన చివరి 28 ఏళ్లూ ఉన్న ఇల్లిది. ‘అంతటి డికెన్స్‌’కు ఆయన ఎదురుజవాబు రాసింది కూడా ఇక్కడున్న రోజుల్లోనే!

నిజానికి ఇద్దరూ మంచి స్నేహితులు. 1848లో డికెన్స్‌ వేయించిన నాటకంలో క్రూక్‌షాంక్‌ వేషం కూడా కట్టాడు. చెడింది... మందు దగ్గర. ఇద్దరూ కలిసి తాగి కాదు, ఒకరు మానేసి! క్రూక్‌షాంక్‌ తండ్రి కూడా వ్యంగ్య చిత్రకారుడే. తాగుడు పందెం కాసి ప్రాణం మీదికి తెచ్చుకున్నాడంటారు. కొడుకూ చాలాకాలం సీసా వదల్లేదు. 1847లో ఓ కుటుంబాన్ని మద్యం ఎలా కూల్చేస్తుందో ‘ది బాటిల్‌’ పేరుతో 8 బొమ్మల్లో చూపించాడు. ఆ తర్వాత తనే ఒట్టుపెట్టుకుని మానేశాడు. అక్కడితో ఆగితే బాగుండేది. కనిపించినవాళ్లకల్లా నీతులు చెప్పడం మొదలెట్టాడు.

చివరికి ఆ నీతులు పిల్లల కథల్లోకీ దూరాయి. 1853లో ‘హాప్‌ ఓ మై థంబ్‌’ని తిరగరాసి బొమ్మలు వేశాడు. అడవిలో వదిలేసిన ఏడుగురు అన్నదమ్ముల్లో బొటనవేలంత బుడతడు రాక్షసుణ్ని బురిడీ కొట్టించే కథ అది. క్రూక్‌షాంక్‌ చేతిలో పడ్డాక అందులో తండ్రి తాగుడుతో, జూదంతో చితికిపోయినవాడయ్యాడు. కథ చివర మద్యనిషేధం కూడా వచ్చేసింది!

డికెన్స్‌కు ఒళ్లు మండింది. 1853 అక్టోబరు 1న తన వారపత్రిక ‘హౌస్‌హోల్డ్‌ వర్డ్స్‌’లో విమర్శ రాశాడు. స్నేహితుడి బొమ్మల్ని మెచ్చుకుంటూనే కథలో వేలుపెట్టడాన్ని తూర్పారబట్టాడు. దయ, మర్యాద పిల్లల మనసులో నాటేది ఆ కథలేననీ, ఎవరికి తోచిన ప్రచారం వాళ్లు అందులో కలిపితే ఏమీ మిగలదనీ ఆయన బాధ. అలా రాస్తే ఎలా ఉంటుందో చూడమని సిండ్రెల్లా కథని ఉపన్యాసాలతో నింపి నవ్వించాడు.

క్రూక్‌షాంక్‌ జవాబు 1854 ఫిబ్రవరిలో ఆయన సొంత పత్రికలో వచ్చింది. కింద సంతకం ఆయనది కాదు, హాప్‌ ఓ మై థంబ్‌ది! అంత పెద్ద రచయిత ఇంత చిన్నవాడి మీద పడటమేమిటని బుడతడు నిలదీశాడు. పాత కథలో రాక్షసుడు తన కూతుళ్ల గొంతులే కోస్తాడు కదా, అందులో దయ ఎక్కడుంది? చిక్కుడు తీగెక్కిన జాక్‌ దొంగ కాదా? పైగా ఈ కథలు చెప్పేవాళ్ల నోట ఎప్పుడూ మారుతూనే వచ్చాయి కదా? మన పేదరాశి పెద్దమ్మ కథలు విన్నవాళ్లెవరైనా ఈ మాటకు తలూపాల్సిందే. మద్యం వద్దనే అతివాదుల్ని డికెన్స్‌ పందులతో పోల్చాడు. ఆ పందుల్ని మీ దగ్గరికే తిరిగి తోలుతున్నానంటూ బుడతడు జాబు ముగించాడు.

చమత్కారంలో బుడతడిదే పైచేయి. కథ విషయానికొస్తే మాత్రం డికెన్స్‌ వైపే మొగ్గాలి. ఎందుకంటే క్రూక్‌షాంక్‌ అదే ఏడాది సిండ్రెల్లానీ వదల్లేదు. ఆమె పెళ్లికి వీధుల్లో సారా పారించబోతే దేవత అడ్డుపడుతుంది. ఊళ్లోని మద్యమంతా పోగేసి తగలబెట్టేస్తారు. డికెన్స్‌ వెటకారంగా రాసినదాన్ని ఆయన నిజంగానే చేసి చూపించాడన్నమాట! జాబు అచ్చయిన ఆ పత్రిక రెండో సంచికతోనే ఆగిపోయింది. కథల వరుసలో నాలుగోది రావడానికి 1864 దాకా పట్టింది.

డికెన్స్‌ 1870లో పోయాడు. రెండేళ్ల తర్వాత ‘ఆలివర్‌ ట్విస్ట్‌’ ఆలోచన అసలు తనదేనంటూ క్రూక్‌షాంక్‌ మరో పుస్తకం వేశాడు. ఈసారి జవాబివ్వడానికి అవతలి మనిషి లేడు. డికెన్స్‌ సమాధి వెస్ట్‌మినిస్టర్‌ అబేలో ఉంటే, 1878లో కన్నుమూసిన క్రూక్‌షాంక్‌ది సెయింట్‌ పాల్స్‌ కెథడ్రల్‌ నేలమాళిగలో. థేమ్స్‌ ఒడ్డు వెంబడి నడిచే ఓపికుంటే ఒక్క పూటలో రెండూ చూసిరావచ్చు.