దాదీమా రుమాలు

బార్కస్‌లోని మా ఇంట ఒక వర్షాకాలపు సాయంత్రం నేను చేసిన చిన్న పని నేటికీ నా మనస్సును కలచివేస్తూనే ఉంటుంది. తడిసిన సైకిలును తుడవడానికి గుడ్డ వెదుకుతూ, పెట్టె అడుగున మడచి ఉన్న పాత రుమాలును లాగి తీశాను. ఎరుపు, నలుపు, తెలుపు తప్ప వేరొక రంగు లేదు. పైగా నూనె వాసన. పాత గుడ్డే గదా అనుకున్నాను.

దాదీమా చూచింది. ఒక్క మాటైనా అనలేదు. బురద అంటిన ఆ రుమాలును తానే ఉతికి, నీడన ఆరవేసి, "బేటా, చదువుకున్నవాడివి గదా. దీనిలో ఏమున్నదో ఇప్పుడు చదువు" అన్నది.

చదివాను. గడిగడికీ ఒక గడియారం. అంచు వెంట విమానాలు!

అది తేలియా రుమాలు. నూలును నూనెలోనూ, ఆముదపు కాయల బూడిద నీటిలోనూ పలుమార్లు నానబెట్టి, పడుగును, పేకను లెక్క ప్రకారం ముడులు కట్టి, రంగులద్ది, ఆ పిమ్మటనే మగ్గమెక్కిస్తారు. పోగులు జరిగితే గడియారం చెదరిపోతుంది. చీరాలలో నేసిన ఈ రుమాళ్లు ఒకనాడు అరబ్బు దేశాలకు ఓడలెక్కాయి. హద్రమౌత్ నుండి నిజాం సైన్యంలో కొలువుకు వచ్చిన మా పూర్వీకుల బారకాసులే నేటి బార్కస్. అరబ్బు తలపై తెలుగు నేత నిలిచిందన్న సంగతి నాకు అంతవరకు తెలియదు.

తొలుత ఈ రుమాళ్లపై చతురస్రాలు, గీతలే అధికం. 1930 ప్రాంతంలో గడియారము, గ్రామఫోను, విమానము వచ్చి చేరాయి. నేతగాడు తన కంటికి కొత్తగా తోచిన వస్తువునే పోగులలోనికి దించాడు. జర్మనీలో 1919లో వెలసిన బౌహౌస్ కళాశాలలో నేత నేర్చిన ఆనీ ఆల్బర్స్ పనితనానికి 1949లో న్యూయార్కు ఆధునిక కళా మ్యూజియం ప్రత్యేక ప్రదర్శన ఏర్పరచింది. మా రుమాలు నేసినవాని పేరు మాత్రం ఎవరూ వ్రాసిపెట్టలేదు.

అయినా ఆ విద్య అంతరించలేదు. పుట్టపాక నేత కళాకారుడు గజం గోవర్ధన్‌కు 2011లో పద్మశ్రీ లభించింది. 2020లో పుట్టపాక తేలియా రుమాలుకు భౌగోళిక గుర్తింపు వచ్చింది.

రుమాలు తిరిగి పెట్టెలో చేరింది. ఒక తెల్లని గడిలో మాత్రం బురద మరక మిగిలిపోయింది. అది నా సంతకం. పేరు తెలియని ఆ నేతగాని పనిపై నేను చేసిన సంతకం అదొక్కటే కావడం నాకు సిగ్గుగా ఉన్నది.

మిత్రులారా! తుడుపుగుడ్డకై పెట్టె తెరచినప్పుడు, చింపడానికి ముందు ఒకసారి వెలుతురులో పట్టి చూడండి.