పదివేల అడుగుల ఎత్తున సైకిలు పందెం

కుక్కర్ లేకపోతే కందిపప్పు ఉడకని ఊరు ఒకటుందంటే మీరు నమ్ముతారా? అమెరికాలో కొలరాడో రాష్ట్రంలో ఉంది, పేరు లెడ్‌విల్. సముద్రమట్టానికి 10,152 అడుగుల ఎత్తు. మన ఊటీ ఏడు వేల పైచిలుకు అడుగులే కదా! అంత ఎత్తులో గాలి ఒత్తిడి తక్కువ కాబట్టి నీళ్ళు 90 డిగ్రీల దగ్గరే తెర్లిపోతాయి. ఎసరు కళపెళా మరుగుతూనే ఉంటుంది, పప్పు మాత్రం గులకరాళ్ళలా అలాగే ఉంటుంది. మీరెప్పుడైనా అటు వెళ్తే చీరల కన్నా ముందు కుక్కర్ సర్దుకోండి.

నేను వెళ్ళింది 2023 ఆగస్టులో. మా మరిది వాళ్ళు డెన్వర్‌లో ఉంటారు. అక్కణ్ణించి కారులో రెండు గంటల పైన ప్రయాణం. ఏటా ఆగస్టులో ఆ ఊళ్ళో వంద మైళ్ళ కొండ సైకిళ్ళ పందెం జరుగుతుంది. వంద మైళ్ళంటే 160 కిలోమీటర్లు, హైదరాబాదు నుంచి వరంగల్ కన్నా ఎక్కువే. అదీ తారు రోడ్డు మీద కాదండీ, చాలావరకు రాళ్ళూ మట్టీ కొండదారులు. మా తోడికోడలు ఆ పందెంలో ఉంది. ఆమెకి దారిలో తిండీ నీళ్ళూ అందించే పని నాది. ఆ పని చేసేవాళ్ళని అక్కడ ‘క్రూ’ అంటారు. మన భాషలో చెప్పాలంటే వంటమనిషీ, ఆయా, చాకిరీమనిషీ ముగ్గురూ ఒకరే!

ఈ పందెం పుట్టుక కూడా చెప్పుకోదగ్గదే. లెడ్‌విల్ ఒకప్పుడు వెండి గనుల ఊరు. వెండి పోయాక, ఉక్కులో కలిపే మాలిబ్డినం అనే లోహం తీసే క్లైమాక్స్ గని ఊరిని పోషించింది. 1982లో ఆ గని మూసేస్తే వేలమందికి పని పోయింది. గనిలో పనిచేసిన కెన్ క్లోబర్ అనే ఆయన, జనం వచ్చి రాత్రి మకాం చేస్తేనే మన హోటళ్ళూ దుకాణాలూ బతుకుతాయని ఆలోచించి 1983లో వంద మైళ్ళ పరుగు పందెం పెట్టాడు. 1994లో సైకిళ్ళ పందెం మొదలైంది. గనిని 2012లో మళ్ళీ తెరిచారు, పందేలు మాత్రం ఆగలేదు. ఇప్పుడు పేరు ఇవ్వాలన్నా లాటరీలో రావాలి.

పన్నెండు గంటల్లోపు ముగిస్తే నడుముకి పెట్టుకునే బెల్టు బిళ్ళ ఇస్తారు. తొమ్మిది గంటల్లోపైతే ఇంకా పెద్దది. డబ్బుల బహుమతి కోసం కాదు, ఈ బిళ్ళ కోసమే జనం ఏడాది పొడుగునా కష్టపడతారు. దారిలో కూడా ఫలానా చోటికి ఫలానా గంటకి చేరకపోతే ఆపేస్తారు. మా తోడికోడల్ని 2022లో అలాగే ట్విన్ లేక్స్ అనే చోట ఆపేశారు. అప్పటినుంచీ పిల్లల్ని బడికి పంపేలోపు, తెల్లారుజామున నాలుగింటికే లేచి తొక్కేది. ఇండియా నుంచి మా అత్తగారు ఫోన్లో ఒకటే గొడవ. “ఇద్దరు పిల్లల తల్లివి, నలభై దగ్గరపడుతున్నాయి, కొండల్లో సైకిలేమిటమ్మా? పడితే ఎవరు చూస్తారు?” అని. నిజం చెప్పొద్దూ, నాకూ లోపల అదే భయం.

పందెం పొద్దున ఆరున్నరకి తుపాకీ పేల్చి మొదలుపెట్టారు. ఆగస్టు నెలలో స్వెటరూ, మఫ్లరూ! వెయ్యిమందికి పైగా సైకిళ్ళు కదిలితే ఆ చక్రాల చప్పుడు వానజల్లులా ఉంది. మేము కారేసుకుని ట్విన్ లేక్స్‌కి పోయి కూర్చున్నాం. పోయేటప్పుడు 40 మైళ్ళ దగ్గర, వచ్చేటప్పుడు 60 మైళ్ళ దగ్గర సైకిళ్ళు అక్కడికే వస్తాయి. మధ్యలో కొలంబైన్ గని దాకా ఎక్కి తిరగాలి. ఆ చోటు ఎత్తు 12,400 అడుగుల పైన. మన కేదారనాథ్ కన్నా ఎత్తన్నమాట! అక్కడికి ఊపిరాడక చాలామంది సైకిలు దిగి తోసుకుంటూ పోతారట.

తిండి సంగతి మీకు చెప్పాలి. పందెంవాళ్ళు తీపి జెల్లీ పొట్లాలు వాడతారు, గంటల తరబడి అవే తింటే వెగటు పుడుతుంది. అందుకని చిన్న బంగాళాదుంపలు ఉప్పునీళ్ళలో ఉడికించి, పులిహోర నిమ్మకాయంత ముద్దలు చేసి కాగితంలో చుట్టాను. ఉప్పు వేసిన పల్చటి మజ్జిగ ఒక సీసా. ఆమె మొదటిసారి వచ్చినప్పుడు టైముంది, నవ్వుతూ తింది. కొండ దిగి రెండోసారి వచ్చేసరికి పెదాలు తెల్లబడ్డాయి. “అక్కా, కడుపులో తిప్పుతోంది, ఏమీ వద్దు” అంది. నేను వదల్లేదు. మజ్జిగ తాగించి, ఒక ముద్ద నోట్లో పెట్టి, మోచేతికి గీసుకున్న చోట తుడిచి పంపించాను. పక్కన మరొకావిడ వాళ్ళాయన కాళ్ళు నొక్కుతోంది. మాకు ఒకరి భాష ఒకరికి పూర్తిగా అర్థం కాలేదు గానీ, ఇద్దరం గడియారాలే చూసుకుంటున్నాం.

80 మైళ్ళ దగ్గర ‘పవర్‌లైన్’ అనే నిటారు ఎక్కుడు ఉంది. పైన కరెంటు తీగలు పోతుంటాయి, అందుకే ఆ పేరు. అక్కడ ఆగిపోయినవాళ్ళు ఎందరో! అంతసేపూ మేము ఊళ్ళోకొచ్చి ముగింపు దగ్గర నిలబడ్డాం. ఆరైంది. ఆరూ పదైంది. పిల్లలు “అమ్మ రాదా పెద్దమ్మా?” అని కొంగు లాగుతున్నారు. ఆరూ పద్దెనిమిదికి దూరాన పచ్చ చొక్కా కనిపించింది. పన్నెండు నిమిషాలే మిగిలాయి!

దిగగానే ఏడ్చింది, తర్వాత ఇంకా పులిహోర ఉందా అని అడిగింది. నాలుగు ముద్దలు తింది.

ఆ రాత్రి మా అత్తగారికి ఫోన్ చేసి బిళ్ళ సంగతి చెప్పాం. ఆవిడ కాసేపు మాట్లాడలేదు. తర్వాత అడిగారు, “బంగారమేనా, పూతా?”