ఖాళీగా వదిలేసిన గడి



ఫారంలో ఏమీ రాయకుండా సబ్మిట్ నొక్కితే సర్వర్‌కి ఏం చేరుతుందని మీలో కొందరు అడుగుతున్నారు. అది గడిని బట్టి ఉంటుంది. టెక్స్ట్ గడి ఖాళీగా ఉన్నా దాని పేరు వస్తుంది, విలువగా ఖాళీ స్ట్రింగ్ వస్తుంది. టిక్ పెట్టని చెక్‌బాక్స్‌కి పేరు కూడా రాదు. ఏదీ ఎంచుకోని రేడియో బటన్లదీ, డిజేబుల్ చేసిన గడిదీ అదే తీరు. అందుకే పీహెచ్‌పీలో ఇస్‌సెట్ ఒక్కదాన్నే నమ్ముకుంటే కుదరదు. చెక్‌బాక్స్ సంగతి సరిగ్గానే చెబుతుంది గానీ, టెక్స్ట్ గడి ఖాళీగా వచ్చినా "ఉంది" అనేస్తుంది.

దీనికి మందుగా చాలామంది ఎంప్టీ వాడతారు. దాని లెక్కలో "0" కూడా ఖాళీయే! "పిల్లలెంతమంది?" అన్న చోట నిజాయతీగా సున్నా వేసినాయనకి "ఈ గడి నింపాలి" అని ఎర్రక్షరాలు చూపిస్తాం. ఆయన మళ్లీ సున్నా వేస్తాడు, మనం మళ్లీ తిప్పికొడతాం. నేనైతే ముందు ట్రిమ్ చేసి, తర్వాత మూడు ఈక్వల్స్‌తో ఖాళీ స్ట్రింగ్‌తో పోలుస్తాను. రెండు చాలవా అంటారేమో. పీహెచ్‌పీ 8కి ముందు అంకె సున్నా, ఖాళీ స్ట్రింగ్ ఆ రెండు ఈక్వల్స్‌కి ఒకటే.

ట్రిమ్ కూడా అన్నీ పట్టుకోదు. "సాఫ్ట్‌వేర్" అని రాసేటప్పుడు పొల్లు కింద వత్తు పడకుండా మనం కొట్టే కనిపించని అక్షరం ఉందే, జీరో విడ్త్ నాన్ జాయినర్, దాన్ని ముట్టుకోదు. గడిలో అదొక్కటే మిగిలిందనుకోండి, కంటికి ఖాళీ, సర్వర్‌కి మూడు బైట్లు. తెలుగు ఫారాలు రాసేవాళ్లు దాన్ని విడిగా తీసేయాల్సిందే.

ఇక డేటాబేస్. మొబైల్ నంబరు ఇవ్వడం ఐచ్ఛికం, కానీ కాలమ్ మీద యూనిక్ ఇండెక్స్ ఉందనుకోండి. మొదటాయన వదిలేస్తే ఖాళీ స్ట్రింగ్ దాచారు. రెండో ఆయన కూడా వదిలేస్తే "ఈ నంబరు ఇప్పటికే ఉంది" అని వస్తుంది. నల్‌గా దాచితే మైఎస్‌క్యూఎల్ ఎన్నింటినైనా ఒప్పుకుంటుంది. లారావెల్ ఖాళీలను తనంతట తనే నల్ చేస్తుంది. జాంగో మాత్రం టెక్స్ట్ కాలమ్‌లో ఖాళీ స్ట్రింగే మేలంటుంది, యూనిక్ కాలమ్‌కి మినహాయింపు ఇస్తూ. ఒరాకిల్‌కి ఖాళీ స్ట్రింగ్‌కీ నల్‌కీ తేడాయే లేదు. ఫ్రేమ్‌వర్క్ ఏం చేసినా, ఒక్కో గడిలో ఖాళీకి అర్థమేమిటో మనమే తేల్చుకోవాలి.

తప్పనిసరి అన్న నక్షత్రం గుర్తును ఎడాపెడా పెట్టడం నాకు అసలు నచ్చదు. ఖాళీని ఒప్పుకోని చోట ఏదో ఒకటి నింపాల్సి వస్తుంది. పాస్‌పోర్టులో పేరంతా ఇంటిపేరు గడిలో పడి రెండోది ఖాళీగా ఉంటే, అమెరికా వీసా మీద ఆ చోట "ఎఫ్ఎన్‌యూ" అని అచ్చవుతుంది. ఫస్ట్ నేమ్ అన్‌నోన్ అని దానర్థం. దాన్ని చూసి ఎక్కించుకునే చోటల్లా అదే మనిషి పేరైపోతుంది. మన ఫారాల్లోనూ అంతే. ఇంటిపేరు రాయని అలవాటున్నవాళ్లు ఒక చుక్క పెట్టి ముందుకెళ్తారు, ఆ చుక్క జీతం స్లిప్పు దాకా వెళ్తుంది.

వీలుంటే ఈ వారం మీ పట్టికల్లో తప్పనిసరి కాలమ్‌ల మీద ఒక క్వెరీ వేయండి. చుక్కలు, గీతలు, "ఎన్ఏ"లు ఎక్కువగా తేలితే ఆ నక్షత్రం తీసేయండి, కాలమ్‌లో నల్‌కి చోటివ్వండి.