వణుకుతో పాటు ఎముకలనూ చూద్దాం



ఇంట్లో పెద్దవాళ్లకు పార్కిన్సన్స్ ఉందంటే మన చూపంతా వణికే చేతి మీదే ఉంటుంది. 1817లో లండన్ వైద్యుడు జేమ్స్ పార్కిన్సన్ ఈ జబ్బును వివరిస్తూ పెట్టిన పేరులోనూ వణుకే ఉంది. ఆదిలాబాద్‌లో ఉండే మా తాతకు ఈ జబ్బే. కానీ డాక్టర్ గారు మొదట అడిగింది, "ఈ మధ్య ఎన్నిసార్లు పడ్డారు?" అని.

కారణం ఉంది. ఈ జబ్బులో అడుగులు చిన్నవవుతాయి, ఒళ్లు ముందుకు వంగుతుంది. కొందరికి లేచి నిలబడగానే బీపీ తగ్గి కళ్లు తిరుగుతాయి. పడతామన్న భయంతో తిరగడం మానేస్తారు. దాంతో కండలు, ఎముకలు బలహీనపడతాయి. ఎండ తగలక విటమిన్ డి తగ్గుతుంది. అందుకే వీళ్లకు అదే వయసు వాళ్లకంటే తుంటి ఎముక విరిగే ప్రమాదం ఎక్కువ. తుంటి విరిగితే మళ్లీ మునుపటిలా నడవడం చాలామందికి కష్టం.

మన దగ్గర ఇంకో రెండు సంగతులున్నాయి. ఆదిలాబాద్ చలికి పెద్దవాళ్లను దుప్పటి కప్పి లోపలే కూర్చోబెడతాం. గ్రానైటుకు పేరున్న కరీంనగర్‌లో ఎన్నో ఇళ్లలో నున్నటి నేల. తడి పడితే జారుడే.

గడప దగ్గర కాళ్లు నేలకు అతుక్కుపోయినట్టు ఆగిపోవడం కూడా ఈ జబ్బు లక్షణమే. నాలుగో తరగతి చదివే మా అక్క కొడుకు గడప ముందు రంగు టేపు పట్టీలు అడ్డంగా అతికించాడు. వాడు "ఒకటి, రెండు" అని లెక్కపెడుతుంటే తాత పట్టీ పట్టీకీ అడుగేస్తూ దాటేస్తున్నారు.

మీ ఇంట్లో ఇలాంటి పెద్దలుంటే విటమిన్ డి పరీక్ష, ఎముకల గట్టిదనం చూసే డెక్సా స్కాన్ అవసరమా అని డాక్టర్‌ను అడగండి. తైద అంబలి, పాలు, నువ్వులు ఎముకలకు మంచివే. అయితే పాలు, పప్పు వంటి ప్రోటీన్ ఆహారంతో కలిపి వేసుకుంటే కొందరికి లెవోడోపా మాత్ర సరిగా పనిచేయదు. ఏది ఎప్పుడు తీసుకోవాలో తెలుసుకోండి. ఎముక విరిగి ఆసుపత్రిలో చేరినా ఈ మాత్రలు ఆగకూడదు. వేసుకునే వేళలు అక్కడి డాక్టర్లకు ముందే చెప్పండి.

ఈ నెల పిల్లలకు ఒక పని అప్పగించండి. తాతయ్య, నానమ్మ మంచం నుంచి బాత్రూం దాకా నడిచే దారిలో తడి, జరిగిపోయే పట్టా, అడ్డంగా చెప్పులు ఉన్నాయేమో రోజూ చూడమనండి. రాత్రి జీరో బల్బు వేయమనండి. బాత్రూం గోడకు పట్టుకునే కడ్డీ బిగించడం మాత్రం మన పని.