బంగారు గనుల త్రోవలో ఒక కుటుంబము

బంగారము మన యిండ్లలోనికి వచ్చునప్పటికి దానికి పుట్టినూరు ఉండదు. పెండ్లినాడు కోడలి మెడలోని గొలుసు ఎన్ని కాసులని అడుగుదుము. ఏ కంసాలి చేసెనని అడుగుదుము. పుట్టింటివారు పెట్టినదా, అత్తవారు పెట్టినదా యని మరి మరి అడుగుదుము. ఆ లోహమును మొట్టమొదట మంటిలోనుండి పైకి దీసిన చేయి యెవరిది, ఆ చేతిని నమ్ముకొన్న యిల్లాలెవరు, ఆ సంసారము ఎన్ని యూళ్లు మారెను అని మాత్రము ఎవరును అడుగరు. మా మాతామహులు కోలారు గనులలో పనిచేసినవారగుటచేత ఈ ప్రశ్న చిన్ననాటనుండియు నా మనస్సులో నొక మూల నుండెను. దానికి సమాధానము వంటిది నాకు దొరకినది మన దేశమున గాదు, ఆస్ట్రేలియాలో.

కొన్నియేండ్ల క్రిందట మా అమ్మాయి కాపురమున్న మెల్బోర్న్ నగరమునకు పోయి నాలుగు మాసములుంటిని. ప్రక్కయింట ఎనుబదియేండ్లు దాటిన యొక వృద్ధురాలు ఒంటరిగా నివసించుచుండెను. మా తాతగారు బంగారు గనిలో పనిచేసిరని మా అమ్మాయి చెప్పగా విని, మరునాటి యుదయముననే ఆమె ఒక బిస్కత్తుల డబ్బా చంకబెట్టుకొని మా యింటికి వచ్చెను. అందులో ఆమె ముత్తవ కుటుంబపు జనన వివాహ మరణ పత్రముల నకళ్లు ఉన్నవి. ఇరువదియేండ్లుగా ఒక్కొక్కదానికే రుసుము చెల్లించి తెప్పించుకొన్నదట. “పేర్లు వ్రాయవద్దు, ఊళ్లు వ్రాసికొనవచ్చును” అని నాకు అనుమతి యిచ్చెను. ఆ పత్రములను పట్టుకొని నేనును మా అమ్మాయియు ఆ యూళ్లలో చాలవరకు తిరిగి చూచితిమి.

ముందుగా ఆ పత్రముల సంగతి చెప్పవలెను. విక్టోరియాలో 1853 జూలై 1 వ తేదీనుండి ప్రభుత్వము జనన వివాహ మరణములను నమోదు చేయ నారంభించెను. అచ్చటి మరణపత్రము మన మెరిగిన చిన్న చీటీ వంటిది కాదు. చనిపోయినవారి తండ్రి పేరు, అతని వృత్తి, తల్లి పేరు, ఆమె పుట్టింటి పేరు, పుట్టిన ఊరు, ఈ దేశమునకు వచ్చి యెన్నియేండ్లయినది, ఎచ్చట ఎన్నవయేట ఎవరిని పెండ్లాడినది, కన్న బిడ్డలెవరు, వారి వయస్సులెంత, వారిలో పోయినవారెవరు, ఎచ్చట పూడ్చిరి — ఇన్ని గడులు దానిలో ఉండును. కూలివాడైనను, కోటీశ్వరుడైనను గడులు అవియే.

డబ్బాలోని మొదటి పత్రము 1859 నాటి వివాహపత్రము. వరునికి ఇరువదియైదేండ్లు, వధువునకు పందొమ్మిది. ఇద్దరును ఇంగ్లండునకు పడమటి కొననున్న కార్న్‌వాల్ సీమవారు. ఆ సీమలో తగరము, రాగి గనులు పూర్వమునుండి ఉండుటచే అచ్చటివారికి రాతిని తొలుచుట కులవిద్య వంటిది. 1851 లో విక్టోరియాలో బంగారము పడినదన్న వార్త పుట్టగానే లోకము నలుమూలలనుండి జనులు పరుగెత్తిరి. కార్న్‌వాల్‌వారును వారితో వచ్చిరి. పెండ్లి జరిగిన ఊరు శాండ్‌హర్‌స్ట్ అని పత్రములో నున్నది. నేటి బెండిగో పట్టణమే అది. 1891 వరకు దాని యధికార నామము అదియే.

వరుడు వచ్చునప్పటికి గనుల నేలలో ఒక మార్పు జరిగియుండెను. మొదట ప్రభుత్వము త్రవ్వువారినుండి నెలకు 30 షిల్లింగుల లైసెన్సు పన్ను వసూలు చేసెను; బంగారము దొరకినను దొరకకున్నను చెల్లింపవలసినదే. పోలీసులు గుంటలకు వచ్చి లైసెన్సు చూపుమని వేధించెడివారు. దానిపై 1854 డిసెంబరు 3 వ తేదీని బల్లరాట్ వద్ద యురేకా యను చోట త్రవ్వువారికిని సైనికులకును పోరు జరిగి ఇరువదిమందికి పైగా త్రవ్వువారు మడిసిరి. మరుసటియేడు ఆ పన్ను పోయినది. ఏడాదికి ఒక్క పౌను చెల్లించిన గనివానికి త్రవ్వు హక్కును, వోటు హక్కును కలిగెను. ఆ యొక్క పౌను చీటీయే మా పొరుగామె ముత్తాతకు ఆ దేశమున పౌరసత్వమిచ్చినది.

ఇక బిడ్డల జననపత్రములు ఆరు. పెద్దకుమారుడు 1860 లో శాండ్‌హర్‌స్ట్‌లో పుట్టెను. రెండవబిడ్డ 1862 లో డనోలీలో. మూడవది 1865 లో మోలియాగుల్‌లో. నాలుగవది 1868 లో క్లూన్స్‌లో. అయిదవ, ఆరవ బిడ్డలు 1871, 1874 లలో క్రెస్విక్‌లో. గనివాని చరిత్ర వ్రాయుటకు అతని దినచర్య పుస్తకము అక్కరలేదు. అతని భార్య పురుటి మంచములు ఎచ్చటెచ్చట వేసిరో తెలిసిన చాలును. పైపై ఒండ్రుమట్టిలో బంగారము ఉన్నంతవరకు ఇద్దరు మనుష్యులు, ఒక పార, మట్టిని నీట కడుగుటకు ఉయ్యాల వంటి తొట్టి యుండిన జీవనము గడచెను. ఆ మట్టి తరిగినకొలది డేరా పీకి మరియొక వాగునకు పోవలసివచ్చెను. తరువాత బంగారము తెల్లరాతి పట్టెలలోను, నల్లరాతి పొరల క్రింద కప్పువడిన ప్రాచీన నదుల యిసుకలోను మాత్రమే మిగిలినది. దానికి యంత్రములు కావలెను, యంత్రములకు మూలధనము కావలెను. అంతట స్వతంత్రుడైన త్రవ్వుకాడు కంపెనీ కూలివాడయ్యెను. నాలుగవ బిడ్డ పుట్టిన క్లూన్స్ అట్టి కంపెనీ గనుల ఊరు.

మోలియాగుల్‌లో నిలిచినప్పుడు నాకొక తలపు కలిగెను. వీరు ఆ పల్లె విడిచిపోయిన తరువాత, 1869 ఫిబ్రవరి 5 వ తేదీని, జాన్ డీసన్, రిచర్డ్ ఓట్స్ అను ఇద్దరు కార్న్‌వాల్‌వారే అచ్చట ఒక చెట్టు మొదట, నేలకు అంగుళము లోతున, ఒక పెద్ద బంగారు ముద్దను కనుగొనిరి. లోకమునందు ఇంతవరకు దొరకిన ముద్దలలో అదియే మిక్కిలి పెద్దది. శుద్ధి చేయగా 70 కిలోలకు మించినది. డనోలీలో దానిని తూచుటకు త్రాసు చాలక కమ్మరి దాగలిపై ముక్కలు చేసిరి. ఇట్టి కథ విన్నవాడు ‘వీరు ఇంకను కొంతకాలము అచ్చటనే యుండిన యెడల’ అని నిట్టూర్చును. కాని డీసన్ తన ధనములో చాల భాగమును తిరిగి గనులలోనే పెట్టి పోగొట్టుకొని, ఆ పల్లె దగ్గరనే చిన్న సేద్యము చేసికొనుచు 1915 లో మరణించెను. అదే పల్లెలో 1880 లో ఒక బడిపంతులునకు పుట్టిన జాన్ ఫ్లిన్ అను వాడు పెద్దవాడై, వైద్యుడు లేని ఎడారి ప్రాంతములకు విమానముపై వైద్యమును పంపు సేవను 1928 లో నెలకొల్పెను. ఆ సేవ నేటికిని జరుగుచున్నది. బంగారు ముద్ద కరగిపోయినది. బడిపంతులు కొడుకు చేసిన పని నిలిచినది.

జననపత్రములలో తండ్రి వృత్తికి గడి కలదు. ఆరింటిలోను ‘గనివాడు’ అనియే యున్నది. తల్లి వృత్తికి గడియే లేదు. ఆమె చేసిన పని యేమని పొరుగామెను అడిగితిని. ఆమె తన తండ్రి చెప్పగా విన్నది చెప్పెను: వాగునుండి నీరు మోయుట, మూత గల యినుప కుండపై నిప్పులు పోసి రొట్టె కాల్చుట, మేకలను పెంచుట, పెండ్లికాని కూలివాండ్రను ఇంట నుంచుకొని వండిపెట్టి వారి బట్టలుదుకుట. గనిలో జీతము ఆగిన వారములలో ఇల్లు గడచినది ఆ బట్టల మూటలవలననే. ఇంత పని చేసిన మనిషికి ఒక్క గడి కేటాయింపని దొరతనమును తప్పుపట్టుటకు ముందు, మన యిండ్లలో ‘ఆమె ఏమి చేయును?’ అని అడిగినవారికి ‘ఏమియు చేయదు, ఇంటనే యుండును’ అని మనమిచ్చు సమాధానమును తలచుకొనవలెను.

1882 లో ఈ కుటుంబము క్రెస్విక్‌లోనే యున్నది. ఆ యేడు డిసెంబరు 12 వ తేదీని న్యూ ఆస్ట్రలేషియన్ రెండవ గనిలోనికి ప్రక్కనున్న పాత గని నీరు విరుచుకొని రాగా 27 మంది లోపల చిక్కుకొనిరి. వారిలో 22 మంది మునిగి చనిపోయిరి. ఆస్ట్రేలియా బంగారు గనుల చరిత్రలో ఇంతకు మించిన ప్రమాదము లేదు. నీరు గొంతువరకు వచ్చుచుండగా కొందరు తమ అన్నపు డబ్బాలపై భార్యాబిడ్డలకు కడపటి మాటలు గీకి వదలిరి. విధవలకును బిడ్డలకును దేశమంతట చందాలు పోగయ్యెను. అప్పటికే గనివారు సంఘముగా కూడియుండిరి. క్రెస్విక్ ప్రాంతమున పెరిగి, బడి ముఖమెరుగని విలియం స్పెన్స్ అనునతడు ఆ సంఘమునకు ప్రధాన కార్యదర్శి.

వరద ఒక్కదినమున చంపును. దుమ్ము ఇరువదియేండ్లు చంపును. ముత్తాత మరణపత్రము 1889 నాటిది: శాండ్‌హర్‌స్ట్, వయస్సు 55, కారణము గనివారి క్షయ. రాతిని తొలుచు యంత్రములు వచ్చిన పిమ్మట పొడిరాతి ధూళి గనులలో మరింత దట్టమై ఊపిరితిత్తులలో పేరుకొనెడిది. వాల్టర్ సమ్మన్స్ అను వైద్యుడు బెండిగో గనివారిని పరీక్షించి 1907 లో దీనిపై నివేదిక వెలువరించెను. ధూళి పైకి లేవకుండ నీరు చిమ్ముట, గాలి ఆడునట్లు చేయుట అను చిన్న పనులు ఎన్నో ఇండ్లలో దీపములను నిలుపగలవని అప్పటికిగాని స్పష్టపడలేదు. 1954 లో మూతపడి నేడు సందర్శకులకు తెరచిన సెంట్రల్ డెబోరా గనిలోనికి నేను దిగితిని. మార్గదర్శి ఆ యంత్రమును కొన్ని నిమిషములు ఆడించి చూపెను. ఆ కొద్దిసేపటికే చెవులు మూసికొంటిని; దినమునకు ఎనిమిదేసి గంటలు దానిని పట్టుకొన్నవాని సంగతి తలచితిని.

1893 లో విక్టోరియాలో బ్యాంకులు కూలి పనులు కరవైనవి. ఆ యేడే పడమటి ఆస్ట్రేలియాలో కాల్‌గూర్లీ వద్ద పాట్రిక్ హానన్ బృందమునకు బంగారము దొరకెను. అయిదవ బిడ్డ ఇరువదినాలుగవయేట 1895 లో అచ్చటికి పోయెను; మూడేండ్లకు విధవయైన తల్లిని పిలిపించుకొనెను. అది నీరులేని దేశము. ఉప్పుకయ్యల నీటిని కాచి ఆవిరి పట్టి అమ్మెడివారు. సన్నిపాత జ్వరమునకు లెక్కలేనంతమంది బలియైరి. గోనెపట్టా గోడలు, రేకుల కప్పు — అదియే యిల్లు. అచ్చటి గృహిణులు వాడిన ‘కూల్‌గార్డీ పెట్టె’ నొకదానిని ప్రదర్శనశాలలో చూచితిని. చట్రమునకు చుట్టును గోనెగుడ్డ కట్టి, పైనున్న తొట్టినుండి నీరు దానిలోనికి దిగునట్లు చేసి, గాలికి పెట్టుదురు. లోపలి వెన్నయు మాంసమును చల్లగా నుండును. మన కూజాకు తడిగుడ్డ చుట్టు ఉపాయమే అది. 1903 జనవరి 24 న 530 కిలోమీటర్ల దూరమునుండి గొట్టములలో మంచినీరు వచ్చినది. ఆ పథకమును నిర్మించిన సి. వై. ఓకానర్ పత్రికల నిందలకు గురియై, నీరు చేరుటకు పదినెలల ముందే ఆత్మహత్య చేసికొనెను.

ఆ తల్లి 1911 లో కాల్‌గూర్లీ ప్రక్కనున్న బౌల్డర్‌లో మరణించెను. ఆమె మరణపత్రములో ఆరుగురు బిడ్డల పేర్లును ఉన్నవి. మోలియాగుల్‌లో పదునొకండు నెలలకే పోయిన బిడ్డయు, క్రెస్విక్‌లో అయిదవయేట గొంతువాపు జబ్బుతో పోయిన ఆడపిల్లయు, బ్రదికినవారితో సమానముగా వరుసలో నిలిచిరి. నలుబదియయిదేండ్ల తరువాతను, ఖండమున కావలి యొడ్డునను, ఆ పసికందు పేరు చెప్పిన మనిషి యొకడు ఉండెను. వ్రాసికొన్న గుమాస్తా యొకడు ఉండెను.

అయితే ఈ కాగితములు అందరిని సమముగా తలచినవని చెప్పరాదు. ఓడ దిగిన ప్రతి చీనావానిపై 1855 లో విక్టోరియా 10 పౌన్ల తలపన్ను విధింపగా, వేలకొలది చీనావారు దక్షిణ ఆస్ట్రేలియాలోని రోబ్ రేవున దిగి గనులవరకు కాలినడకను పోయిరి. వారిలో అధికులు భార్యాబిడ్డలను స్వదేశముననే విడిచి వచ్చినవారగుటచే ఆ సంసారములు ఈ పత్రములలో కానరావు. బెండిగో, డనోలీ నేలలు అనాదిగా జాజావురుంగ్ జాతివారివి. గుంటలు త్రవ్వినవాడు వారి వాగులను బురదచేసెను, వేటభూములను అపహరించెను. ఏ పౌను చీటీలోను వారి యనుమతి లేదు. 2013 లో గాని ఆ రాష్ట్ర ప్రభుత్వము ఒప్పందముద్వారా వారిని ఆ నేలకు సాంప్రదాయిక స్వాములుగా అంగీకరింపలేదు.

ఇంత చూచి నేను మా యింటివైపు చూచుకొంటిని. కార్న్‌వాల్ గనివారిలో కొందరు కోలారునకును వచ్చిరి. చిత్తూరు సీమనుండి పోయిన తెలుగు కూలివారు వారి క్రింద దిగి, లోకములోని మిక్కిలి లోతైన గనులలో పనిచేసిరి. ఆ గనులు 2001 లో మూతపడినవి. మా మాతామహులు వారిలో నొకరు. ఆయన దగ్గుచు కూర్చుండిన అరుగు నాకు జ్ఞాపకమున్నది. ఆయన ఏ యేట పుట్టిరో తెలియదు. మా అమ్మమ్మకు పోయిన బిడ్డలు ఇద్దరో ముగ్గురో. వారి పేర్లు చెప్పగలవా రెవరును లేరు. ఆమె తల్లి పేరు మా వంశమున ఎవరికిని రాదు. మన దేశమున జనన మరణముల నమోదు దేశమంతటికిని నిర్బంధమైనది 1969 చట్టముతో. అంతకు ముందటి కూలి కుటుంబములకు ముసలివారి నోరే దస్త్రము. ఆ నోరు మూతపడిననాడు దస్త్రమును దగ్ధమైనట్లే.

జమీందారులకు వంశచరిత్రలు వ్రాసిన పండితులు మనకు కొదువ లేదు. కూలివాని వంశమునకు వాని మనుమరాలే పండితురాలు కావలెను. దీనికి గొప్ప విద్య అక్కరలేదు. ఒక నోటుపుస్తకము చాలును. ఇంటిలోని వయోవృద్ధురాలి చెంత కూర్చుండి, ఆమె తల్లి పేరును, పుట్టినయూరును, ఏ యే యూళ్లలో కాపురము చేసినదియు, ఏ యే పనులు చేసినదియు, కన్న బిడ్డల పేర్లును — పోయినవారివి సయితము — వ్రాసికొనవలెను. తండ్రి వృత్తి ప్రక్కనే తల్లి వృత్తికిని ఒక గడి గీయవలెను. విక్టోరియా గుమాస్తాలు గీయని గడి అది. దానిని గీయుటకు మన కెవరి సెలవును అక్కరలేదు.