చెరలో పుట్టిన నాట్యం

స్కాట్లాండ్‌లో పెళ్లయినా పండగైనా బ్యాండు మోగిందంటే చాలు... ఆడా మగా ఎదురెదురుగా రెండు వరసల్లో నిలబడిపోతారు. చేతులు కలుపుతూ, విడిపోతూ, చోట్లు మారుతూ చిందేస్తారు. మన కోలాటం గుర్తొస్తుంది కానీ చేతుల్లో కర్రలుండవు. అదే స్కాటిష్ కంట్రీ డ్యాన్స్. ఇందులో అందరూ ఇష్టంగా ఆడే ఓ నాట్యం పేరు '51వ డివిజన్ రీల్'. పేరులో సైన్యం ఉంది. పుట్టిందేమో యుద్ధఖైదీల శిబిరంలో!

ఆ కథ మొదలైన చోటు చూడాలంటే ఫ్రాన్స్‌లోని నార్మండీ తీరానికి వెళ్లాలి. దియెప్ నుంచి పడమరగా సుమారు 30 కిలోమీటర్లు వెళ్తే సెయింట్ వాలెరీ వస్తుంది. అటూ ఇటూ తెల్లటి సున్నపురాతి కొండలు, మధ్యలో పడవల రేవు... చూడచక్కని ఊరు. 1940 జూన్‌లో మాత్రం ఇక్కడ ఇళ్లు తగలబడుతున్నాయి. డన్‌కర్క్ నుంచి చాలామటుకు బ్రిటిష్ సేనలు వెళ్లిపోయినా, ఫ్రెంచివారికి తోడుగా నిలిచిన 51వ హైలాండ్ డివిజన్ ఇక్కడ చిక్కుకుపోయింది. కొండల మీద జర్మన్ ఫిరంగులు. సముద్రం మీద దట్టమైన పొగమంచు. రావాల్సిన ఓడలు రేవుకు చేరలేకపోయాయి. పక్క ఊరు వ్యూల్ లె రోజ్ నుంచి కొందరు బయటపడ్డారు. మిగిలినవారితో జూన్ 12న జనరల్ విక్టర్ ఫార్చ్యూన్ లొంగిపోక తప్పలేదు. దాదాపు పదివేల మంది బందీలయ్యారు. ఒక్కో ప్రాంతం కుర్రాళ్లంతా ఒకే పటాలంలో ఉండేవారు కాబట్టి, ఆ వార్తతో హైలాండ్స్‌లో ఊళ్లకు ఊళ్లే బెంగటిల్లాయి.

కోటలో అడుగులు

పట్టుబడ్డ అధికారుల్లో చాలామందిని బవేరియాలోని లాఫెన్ కోటకు తరలించారు. సాల్‌జాక్ నది ఒడ్డున ఉందా కోట. అవతలి గట్టున ఓబెర్న్‌డార్ఫ్. 'సైలెంట్ నైట్' క్రిస్మస్ గీతాన్ని 1818లో తొలిసారి పాడింది అక్కడే. ఇవతల మాత్రం అర్ధాకలి, చలి, ఎప్పుడు విడుదలో తెలియని ఎదురుచూపు. దిగులు మరచిపోవడానికి ఖైదీలు నాట్యం మొదలుపెట్టారు. ఆడవాళ్లు లేరుగా... ఆ అడుగులూ మగవాళ్లే వేశారు!

ఆ రోజుల్లోనే లెఫ్టినెంట్ జిమ్మీ అట్కిన్సన్‌కు కొత్త నాట్యం కట్టాలన్న ఆలోచన వచ్చింది. పీటర్ ఆలివర్, టామ్ హారిస్ హంటర్ దానికి తుదిరూపం ఇవ్వడంలో సాయపడ్డారు. నాట్యం మధ్యలో నర్తకులు చేతులు పట్టుకుని ఏటవాలుగా ఓ గీతలా నిలుస్తారు. తరువాత రెండో వైపు అలాగే. రెండూ కలిపితే ఇంటూ గుర్తు. అదే స్కాట్లాండ్ జెండా మీది సెయింట్ ఆండ్రూ శిలువ! శత్రువు కాపలాలో, కాళ్లతోనే తమ జెండాను నేలమీద గీశారన్నమాట.

ఈ నాట్యం వివరాలున్న ఉత్తరాన్ని రహస్య సంకేతమనుకుని జర్మన్లు బుర్రలు బద్దలుకొట్టుకున్నారని ఇప్పటికీ నవ్వుతూ చెప్పుకుంటారు. ఏదైతేనేం, నాట్యం మాతృదేశం చేరింది. 1945లో స్కాటిష్ కంట్రీ డ్యాన్స్ సొసైటీ 'విక్టరీ బుక్'లో అచ్చయింది.

అన్నట్టు, కొత్త బలగాలతో మళ్లీ నిలదొక్కుకున్న 51వ డివిజనే 1944 సెప్టెంబరు 2న సెయింట్ వాలెరీని విడిపించింది. ఇప్పుడు అక్కడ కొండమీద ఆ వీరుల స్మారకశిల సముద్రంకేసి చూస్తూ ఉంటుంది. స్కాట్లాండ్‌లోని పెర్త్‌లో నార్త్ ఇంచ్ మైదానానికి వెళ్తే, ఓ చిన్నారి సైనికుడికి పువ్వు అందిస్తున్న కంచు విగ్రహం కనిపిస్తుంది. అది కూడా ఈ డివిజన్ జ్ఞాపకమే.

శిలలూ విగ్రహాలూ ఉన్నచోటే ఉంటాయి. ఈ రీల్ మాత్రం స్కాట్లు వలసవెళ్లిన దేశాలకల్లా వెళ్లింది. ఓడిపోయి, చెరలో మగ్గినవాళ్లు మిగిల్చిన ఆస్తి అది. దాన్ని వాళ్ల మనవలూ మునిమనవలూ నవ్వుతూ ఆడుకుంటున్నారు.