బంగళాకు కథ కావాలి

బనగానపల్లె ఊరి బయట గుట్ట మీద నవాబులు వేసవి విడిదికి కట్టించుకున్న మేడ ఉంది. నవాబు బంగళా అని అడిగేవాళ్లు ఇప్పుడు తక్కువ, అందరి నోటా అది అరుంధతి బంగళానే. 1948లో మద్రాసు రాష్ట్రంలో కలిసిన సంస్థానం గుర్తును 2009లో వచ్చిన ఒక సినిమా పక్కకు జరిపేసింది. కథలో అది గద్వాల కోట. నిలబడిన నేల మాత్రం మాది.

ఆ మేడకు అంత పేరు గోడల వల్ల రాలేదు. కోడి రామకృష్ణ తీసిన 'అరుంధతి'లో భయానికి ఒక లెక్క ఉంది. దుర్మార్గుడైన పశుపతిని చంపితే ప్రేతమై పీడిస్తాడు, కనుక సజీవ సమాధి. రేపు ఆ సమాధి పగిలితే? వాణ్ణి అణచే ఆయుధానికి కథానాయిక జేజమ్మ తన ఎముకలే ఇవ్వాలి. ఏదీ ఊరికే జరగదు. అందుకే గ్రాఫిక్స్ పాతబడినా, డబ్బింగ్ చెప్పిన రవిశంకర్ గొంతులో పశుపతి పిలిస్తే ఈనాటికీ ఒళ్లు జలదరిస్తుంది.

'అరుంధతి'లో నటించిన అనుష్కతోనే హేమంత్ మధుకర్ తీసిన 'నిశ్శబ్దం' 2020 అక్టోబరు 2న నేరుగా ఓటీటీలో వచ్చింది. అమెరికాలోని సియాటిల్ ప్రాంతం. ఎప్పుడో హత్యలు జరిగిన విల్లా, అందులో దయ్యం ఉందన్న పుకారు. చెవులు వినపడని, మాటలు రాని చిత్రకారిణి సాక్షి ఒక పెయింటింగ్ కోసం ఆ ఇంట్లో అడుగుపెడుతుంది. ఎంత మంచి ఎత్తుగడ! వెనక అడుగుల చప్పుడు మనకు వినిపిస్తుంది, ఆమెకు వినిపించదు. ఆ ఒక్క సంగతి మీదే అరగంట ఊపిరి బిగబట్టించవచ్చు. స్క్రిప్టు దాన్ని చేజార్చుకుంది. కథ దయ్యాన్ని వదిలి పోలీసు విచారణలోకి, అక్కణ్ణుంచి మనిషి మనసులోని విషంలోకి మళ్లింది. మళ్లడం తప్పు కాదు. 1993 నాటి మలయాళ 'మణిచిత్రతాళు' కూడా దయ్యం నుంచి మనసుకే వెళ్లింది. కానీ అక్కడ కథానాయిక గంగ చూపులో, మాటలో ముందే విత్తనాలు పడ్డాయి. ఇక్కడ చిక్కుముడి వచ్చినప్పుడల్లా ఒక పాత్ర గతం చెప్పుకొస్తుంది. చూసి వణకాల్సింది విని తెలుసుకుంటాం. సైగలతో అనుష్క పడ్డ కష్టమంతా అలా వృథా అయింది. నాకు నిజంగా బాధ కలిగింది.

మా బనగానపల్లె వైపు గుట్టలు, యాగంటి, బెలూం గుహలు చూసి కెమెరాలతో వచ్చే దర్శకులకు ఒకటే మనవి. రచయితకు ఇంకో ఆరు నెలలు ఇవ్వండి. దయ్యం ఎందుకు వచ్చిందో, ఎలా పోతుందో కాగితం మీద తేల్చుకున్నాకే షూటింగుకు రండి.